చలికి మొరాయించే ట్యూబ్‌లైటు

చిరంజీవికి ఆశీస్సులు.

చలి మొదలైనప్పటి నుంచి షెడ్డులో ట్యూబ్‌లైటు మిణుకుమిణుకుమంటూ ఎంతకీ వెలగడం లేదని, కొత్త ట్యూబు కొనమంటావా అని అడిగావు. అప్పుడే వద్దు నాయనా. ముందు స్విచ్ వేసి, కాసేపు ట్యూబు రెండు చివరలనూ చూడు. జబ్బు ఎక్కడుందో చాలావరకు అక్కడే తెలుస్తుంది.

స్విచ్ వేయగానే స్టార్టరులో, అంటే ట్యూబును వెలిగించే చిన్న గుండ్రటి డబ్బీలో, ఉన్న చిన్న లోహపు రేకు వేడెక్కి, వంగి, ఎదుటి కొనకు తగులుతుంది. అప్పుడు కరెంటు చోక్ (ఫిట్టింగులో ఉండే బరువైన తీగచుట్ట) గుండా ట్యూబు చివరల్లోని ఫిలమెంట్లకు పారి వాటిని వేడి చేస్తుంది. రేకు చల్లారి విడిపోయే క్షణంలో చోక్ కొన్ని వందల వోల్టుల కుదుపు ఇస్తుంది, ట్యూబు అంటుకుంటుంది. చలిలో మాత్రం లోపలి పాదరసం చాలావరకు ఆవిరి కాకుండా గాజుకు అంటుకుని ఉంటుంది. మామూలు ట్యూబు 25 డిగ్రీల దగ్గర బాగా వెలిగేలా తయారవుతుంది, 10 డిగ్రీల కిందికి దిగితే ఒక్క కుదుపు చాలకపోవచ్చు. అందుకే స్టార్టరు మళ్లీ మళ్లీ ప్రయత్నిస్తుంది. వోల్టేజీ కూడా తక్కువగా ఉంటే ఇక చెప్పనక్కర్లేదు.

చివరలు ఎర్రగా వెలుగుతూ, మిణుకుమనకుండా అలాగే ఉండిపోతే స్టార్టరు అతుక్కుపోయిందన్నమాట. మిణుకుమంటూ అంటుకోకపోతే కూడా ముందు మార్చాల్సింది స్టార్టరే. స్విచ్ ఆపి, ఎడమకు తిప్పితే ఊడి వస్తుంది. కొత్తది తెచ్చేటప్పుడు దాని మీద రాసిన వాట్లు చూడు. 4–22 అని ఉన్నది చిన్న ట్యూబులకు. 220–240 వోల్టుల సరఫరా మీద నడిచే నాలుగడుగుల ఒంటి ట్యూబుకు 4–65 లేదా 4–80 అని ఉన్నది కావాలి. చూడటానికి రెండూ ఒకేలా ఉంటాయి, జాగ్రత్త.

చివరలు బాగా నల్లబడి ఉంటే మాత్రం ట్యూబు ఆయుష్షు తీరింది, స్టార్టరు మార్చినా ఫలితం ఉండదు. అసలు మెరుపే కనిపించకపోతే మెయిన్ ఆపి, ట్యూబు తీసి, పిన్నులకు పట్టిన చిలుము పొడిగుడ్డతో తుడిచి, హోల్డరులో గట్టిగా కూర్చునేలా తిప్పు. గాజు మీది దుమ్ము కూడా తుడిచెయ్యి. తేమ పట్టిన దుమ్ము వెలగడానికి అడ్డమే. ట్యూబు బిగించిన రేకు పట్టీకి ఎర్తు ఉందో లేదో ఎలక్ట్రీషియన్ చేత చూపించు. అది నీ భద్రత కోసమే, ఆపైన ఎర్తున్న రేకు పట్టీ పక్కన ట్యూబు తేలిగ్గా అంటుకుంటుంది కూడా.

ఒక్క మాట గట్టిగా చెబుతున్నాను: మిణుకుమంటున్న ట్యూబును అలా వదిలేసి నీ పనిలో పడకు. ప్రతి ప్రయత్నానికీ ఫిలమెంటు మీది పూత కొంత రాలుతుంది. చివరలు నల్లబడేది అందుకే. ఒకటి రెండు నిమిషాల్లో వెలగకపోతే ఆపెయ్యి.

వెలిగిన కొత్తలో కాంతి మసకగా, పాములా మెలికలు తిరుగుతూ కనిపిస్తే కంగారు పడకు, గాజు వెచ్చబడితే సర్దుకుంటుంది. షెడ్డులో చలిగాలి నేరుగా తగులుతుంటే మూత ఉన్న ఫిట్టింగ్ పెట్టించు. ట్యూబు వేడి ట్యూబు చుట్టూనే నిలుస్తుంది. ఎలక్ట్రానిక్ చోక్ వేయిస్తే స్టార్టరు అవసరమే ఉండదు, అయితే ఎంత చలి వరకు పనిచేస్తుందో దాని మీద చదివి కొను.

ఇవన్నీ చేసినా మొరాయిస్తే ఎల్‌ఈడీ ట్యూబుకు మారిపో. దానికి చలి అడ్డే కాదు, వేసిన వెంటనే వెలుగుతుంది. కాకపోతే పాత చోక్ ఉంచాలో, తీసెయ్యాలో ఆ ట్యూబు రకాన్ని బట్టి ఉంటుంది. పెట్టె మీది బొమ్మ ప్రకారమే వైరింగ్ చేయించు.

తీసిన పాత ట్యూబును చెత్తలో పడెయ్యకు, లోపల పాదరసం ఉంటుంది. ఈ-వ్యర్థాలు తీసుకునే చోట ఇవ్వు. ఒకవేళ చేయి జారి పగిలితే తలుపులు తెరిచి కాసేపు బయటికి వెళ్లిపో. తర్వాత చీపురుతో ఊడవకుండా ముక్కలను అట్టముక్కతో ఎత్తి, మిగిలిన పొడిని తడిగుడ్డతో అద్ది, అన్నీ సీసాలో వేసి మూత బిగించు.

స్టార్టరు మార్చాక చివరలు ఎలా ఉన్నాయో నాకు రాయి.

ఇట్లు,
నీ పెదనాన్న