మూత మూసి, తెరిచి చూడు

చిట్టితల్లీ,

నీ ల్యాప్‌టాప్‌లో హెడ్‌సెట్ మైకు లినక్స్‌లో పలకడం లేదని, కారణం నువ్వే పట్టుకున్నావని, దాన్ని సరిదిద్దే చిన్న కోడ్ సవరణను, అంటే ప్యాచ్‌ను, లినక్స్ గుండెకాయ అయిన కెర్నెల్‌కు పంపబోతున్నావని నిన్న మీ అమ్మ ఫోనులో చెప్పింది. రాత్రి నిద్ర పట్టలేదు. సంతోషం ఒక్కటే అయితే పట్టేదేమో, భయం కూడా తోడైంది. ఆరేళ్లప్పుడు తాతయ్య ట్రాన్సిస్టర్ విప్పి, స్పీకరు అట్ట మీద బియ్యపు గింజలు పోసి, వార్తలు వస్తుంటే అవి ఎగరడం చూసిన పిల్లవి నువ్వు. మళ్లీ బిగించాక అది పలుకుతుందో లేదో చూడకుండానే ఆటలకు పరుగెత్తావు కూడా.

పంపే పద్ధతి నీకు తెలిసే ఉంటుంది. రాత తీరులో తప్పులు పట్టే చెక్‌ప్యాచ్ నడుపు. ఎవరికి పంపాలో గెట్ మెయింటెయినర్ అనే స్క్రిప్టు చెబుతుంది. కెర్నెల్‌లో ల్యాప్‌టాప్‌ల శబ్దం సంగతి తకాషి ఇవాయ్ చూస్తారు, ఫోన్లు, చిన్న బోర్డుల వైపు మార్క్ బ్రౌన్. గిట్ సెండ్-ఈమెయిల్ ఆదేశంతో పంపు, కోడ్‌లోని ట్యాబు ఖాళీలు చెదరవు. ఒక ప్యాచ్‌లో ఒకే పని. పంపాక వారమైనా గడవకుండా గుర్తు చేయకు. సైన్డ్-ఆఫ్-బై వరుస మాత్రం ఒక్క నిమిషం ఆగి రాయి. 2004 నుంచి ఉన్న ఆనవాయితీ అది, ఈ కోడ్‌ను ఇచ్చే హక్కు నాకుందని నీ పేరు మీద పూచీ పడటం.

ఇక నాకు నిద్ర లేకుండా చేసిన సంగతి.

నేనూ ఒకప్పుడు ఇలాంటి ప్యాచే పంపాను. నా ల్యాప్‌టాప్ మొదలయ్యేటప్పుడు నడిచే బయోస్‌లో, సౌండ్ చిప్‌కు హెడ్‌సెట్ మైకు కలిసే పిన్నుకు ఏమీ తగిలించి లేదని రాసి ఉండేది. కెర్నెల్‌లోని రియల్‌టెక్ సౌండ్ చిప్‌ల ఫైలులో దాన్ని సరిదిద్దే ముక్క రాసి, రెండు రోజులు అన్ని విధాలా విని, పరీక్షించానని రాసి పంపాను. మర్యాదగానే జవాబు వచ్చింది. ఇలాంటి సవరణ ఇప్పటికే ఒకటి ఉంది, దాన్నే వాడండి. మోడళ్ల పట్టికలో మీ వరుసను సంఖ్యల క్రమంలో పెట్టండి. రెండూ న్యాయమైన మాటలే. పది నిమిషాల్లో మార్చి, మైకులో ఒకసారి ఊది, రెండో వెర్షన్ పంపేశాను. పరీక్షించానన్న మాట మొదటి దాని నుంచి అలాగే ఉండిపోయింది. ప్యాచ్ తీసుకున్నారు. జనం ఇంకా వాడుతున్న పాత విడుదలలకు, అంటే స్థిర కెర్నెళ్లకు కూడా వెళ్లింది. ఆ సాయంత్రం ఇంటికి పూతరేకులు తెచ్చాను.

నెల తర్వాత ఒక ఉత్తరం. అదే మోడల్ వాడే ఒకాయన రాశారు. మూత మూసి, నిద్రపోయిన ల్యాప్‌టాప్‌ను మళ్లీ తెరిస్తే స్పీకర్లు మూగబోతున్నాయట. ఆయనకు చూపు లేదు. తెర మీద ఉన్నది ఓర్కా అనే ప్రోగ్రామ్ చదివి వినిపిస్తేనే ఆయన పని సాగుతుంది. శబ్దం పోగానే ఎక్కడున్నారో తెలియక, పవర్ బటన్ నొక్కిపట్టి ఆపి మళ్లీ మొదలుపెట్టుకుంటున్నారు, రోజుకు నాలుగైదు సార్లు. నా ల్యాప్‌టాప్ ఎప్పుడూ బల్ల మీద తెరిచే ఉండేది, చెవులకు హెడ్‌సెట్ ఉండేది. అందుకే నెల రోజులూ నాకు తెలియలేదు. హెడ్‌సెట్ పీకి, మూత మూసి తెరిచాను. చడీచప్పుడు లేదు.

అప్పుడైనా జవాబు రాయాలి కదా! సిగ్గేసింది. పరిష్కారం దొరికాక ఒకేసారి రాద్దామనుకుని తొమ్మిది రోజులు ఊరుకున్నాను. ఈలోగా ఇంకెవరో నా ప్యాచ్‌ను వెనక్కి తీయించారు. "తప్పు నాదే, తీసేయండి" అని ఒక్క ముక్క రాయడానికి అర నిమిషం పట్టేది. ఆ తొమ్మిది రోజులూ ఆయన బటన్ నొక్కుతూనే ఉన్నారు.

కాబట్టి తిడుతున్నాననుకున్నా సరే, విను. ఒక్క అంకె మార్చినా మొదటి నుంచి పరీక్షించు. మూత మూసి తెరువు. హెడ్‌ఫోన్ పెట్టి, తీసి విను. విండోస్ నుంచి నేరుగా లినక్స్‌లోకి వచ్చి చూసి మురిసిపోకు. విండోస్ చేసిన అమరిక చిప్‌లో మిగిలి ఉండి నిన్ను మోసం చేస్తుంది. పూర్తిగా ఆపి మొదలుపెట్టు. ఇయర్‌ఫోన్లు ముందు బల్ల మీద ఉంచి విను, ఆ తర్వాతే చెవిలో పెట్టుకో. శబ్దాన్ని పెంచే గెయిన్ అమరిక తప్పితే పోయేది నీ చెవులే. చేయని పరీక్ష చేశానని రాయకు, చేయలేదనే రాయి. ఎవరికైనా చెడిందని తెలిస్తే ఆ పూటే జవాబివ్వు.

ప్యాచ్‌లు చూసేవాళ్ల మాటలు పొడిగా ఉంటాయి. నువ్వు మీ అమ్మలాగే, ఎవరైనా ఒక మాటంటే అన్నం మానేస్తావు. మానకు తల్లీ, నాకు ఫోను చెయ్యి, ఎంత రాత్రయినా సరే.

నేను మూడో వెర్షన్ రాశాక ముందు ఆ ఉత్తరం రాసిన ఆయనకే పంపాను. నాలుగు రోజులు వాడి, బాగుందని రాశారు. ఆ ప్యాచ్‌లో నా పేరుతో పాటు పరీక్షించినవారి పేరు చెప్పే టెస్టెడ్-బై వరుసలో ఆయన పేరు ఉంది. వచ్చినప్పుడు చూపిస్తాను.

ఆదివారం ల్యాప్‌టాప్ తీసుకుని రా. మీ అత్తయ్య గుత్తివంకాయ చేస్తానంది. మూత నేను మూసి తెరుస్తాను, నువ్వు విను. ఆ తర్వాత పంపుదువుగాని.

ఆశీస్సులతో,
మీ మామయ్య