డెనెథోర్ మీద జాలి పడటానికి కారణం ఉందా?

2003లో వచ్చిన 'ది రిటర్న్ ఆఫ్ ది కింగ్' సినిమాలో గోండోర్ అనే రాజ్యం పాలకుడు డెనెథోర్‌ను చూస్తే చాలామందికి ఒళ్లు మండుతుంది. జాలి పడటానికి కారణం ఉందా అంటే, ఉంది. కాకపోతే అందులో ఎక్కువ భాగం సినిమాకు మూలమైన టోల్కీన్ నవలలోనే ఉండిపోయింది.

నవలలో అతను తెలివైనవాడు, ముందుచూపు ఉన్నవాడు. సాయం కోసం కొండల మీద మంటలు వెలిగించింది అతని ఆజ్ఞతోనే. సినిమాలో ఆ పని కథానాయకుల బృందంలోని పిప్పిన్ దొంగచాటుగా చేయాల్సి వస్తుంది! అసలు కీలకం పలాంటీర్, అంటే దూరాన ఉన్నవి చూపించే రాయి. అందులో గోండోర్ మీదకు దండెత్తిన శత్రువు సౌరాన్ అతనికి అబద్ధాలు చూపించలేదు, తనకు పనికొచ్చే నిజాలే ఏరి చూపించాడు. శత్రువుల నల్ల ఓడలు వస్తున్నాయని డెనెథోర్ చూశాడు. వాటిలో ఉన్నది గోండోర్‌కు సాయంగా వస్తున్న ఆరగార్న్ అని అతనికి తెలియదు. భార్య ఎప్పుడో చిన్న వయసులో పోయింది, ఇప్పుడు పెద్దకొడుకు బోరొమిర్ పోయాడు. నిబ్బరం చెదరడానికి ఇంకేం కావాలి?

సినిమా ఆ రాయి సంగతిని దాదాపు వదిలేసింది. దాంతో అతని నిరాశ వట్టి పిచ్చిలా కనిపిస్తుంది. చిన్నకొడుకు ఫారమిర్‌ను చావుకు పంపి టమాటాలు కొరుకుతూ కూర్చున్న సీన్ తర్వాత జాలి ఎక్కడిది? అయినా డెనెథోర్‌గా చేసిన జాన్ నోబుల్ నటనలో అది దొరుకుతుంది. ఒళ్లో బోరొమిర్ విరిగిన కొమ్ముబూర పెట్టుకుని కూర్చున్నప్పుడు చూడండి. చివర్లో, చిన్నకొడుకు బతికే ఉన్నాడని తెలిసిన ఆ ఒక్క క్షణంలోనూ చూడండి. నాకైతే అక్కడ కోపం నిలవలేదు.