నిద్ర పట్టడం లేదా, నిద్రే వద్దంటున్నాడా?

ప్రశ్న: మాది తెనాలి. పెళ్ళయి నేను విజయవాడలో ఉంటున్నాను. మా తమ్ముడికి 24 ఏళ్ళు. నిరుడు ఉద్యోగం పోయాక నాలుగు నెలలు మంచం దిగలేదు. పగలంతా నిద్ర, స్నానం చేయడు, పలకరిస్తే కన్నీళ్ళు. తెలిసిన డాక్టరు డిప్రెషన్ అని మాత్రలు రాశారు. కోలుకున్నాక వాడే ఆపేశాడు. ఇప్పుడు పది రోజులుగా అంతా తలకిందులు. రాత్రి రెండు గంటలకు మించి పడుకోడు, అయినా అలసట లేదు. ఆపకుండా మాట్లాడతాడు. అమెరికాకు పచ్చళ్ళు ఎగుమతి చేస్తానని ఫోనులో అప్పులిచ్చే యాప్‌ల నుంచి డబ్బు తీసి అయిదు వందల జాడీలు కొన్నాడు. వద్దన్నందుకు నాన్న మీద చెయ్యెత్తాడు. అర్ధరాత్రి బీరువా దింపి సర్దుతాడు. అమ్మేమో ‘పోనీలే, హుషారుగా తిరుగుతున్నాడు’ అంటుంది, కానీ ఆమెకే ఈమధ్య గుండె దడ. బాబాయి గంజాయి అంటున్నాడు. అత్తయ్య పెళ్ళి చేస్తే కుదురుకుంటాడంటోంది. మా చిన్నతాత కూడా ఒక ఏడు పొలం అమ్మి ఊరికి విందులు చేసి, మరుసటి ఏడంతా గదిలోంచి బయటికి రాలేదట. నెట్‌లో చదివితే బైపోలార్, స్కిజోఫ్రేనియా, ఓసీడీ, ఏడీహెచ్‌డీ అన్నీ వాడికి సరిపోతున్నట్టే ఉన్నాయి. ఏది నమ్మాలి? ఏం చేయాలి?
– ఒక అక్క

జవాబు: మీ చివరి ప్రశ్నతో మొదలుపెడతాను, ఎందుకంటే అది ఆగేది కాదు. మీ తమ్ముణ్ణి ఈ రెండు మూడు రోజుల్లోనే సైకియాట్రిస్టుకు చూపించండి. నిరుటి మాత్రలు ఇంట్లో మిగిలి ఉంటే, అప్పుడు పనిచేశాయి కదా అని మళ్ళీ వేయవద్దు. డిప్రెషన్ మందులు ఒక్కటే ఇస్తే, కొందరిలో అవి ఇప్పుడున్న ఈ ఉద్రేకాన్ని ఇంకా ఎగదోస్తాయి. దీనికి ఆ డాక్టరును తప్పు పట్టనక్కర లేదు. నిరుడు ఆయన ఎదుట కూర్చున్నది కదలలేని కుర్రాడు. ఆ స్థితిలో చూసిన ఎవరైనా డిప్రెషన్ అనే అంటారు. మనసు కొన్నాళ్ళు కుంగిపోయి, కొన్నాళ్ళు హద్దులేకుండా ఉప్పొంగే బైపోలార్ వ్యాధి చాలామందిలో ముందు కుంగుబాటుగానే మొదలవుతుంది. రెండో ముఖం బయటపడేదాకా దాన్ని గుర్తుపట్టడం అనుభవజ్ఞులకే కష్టం.

అయితే మీ వాడిది బైపోలారేనా? ఉత్తరం చదివి రోగం పేరు ఖాయం చేసేవాళ్ళను నమ్మకండి, నన్ను కూడా. కానీ నా అనుమానం గట్టిగా అటే వెళుతోంది. కారణం చెబుతాను.

నిద్ర పట్టకపోవడం వేరు, నిద్రతో పనిలేకపోవడం వేరు. దిగులులో ఉన్నవాడికి తెల్లవారుజామున మూడింటికే మెలకువ వచ్చి మళ్ళీ కన్ను మూతపడదు. లేదా మీ తమ్ముడు నిరుడు పడుకున్నట్టు రోజంతా పడుకుంటాడు, లేచినా ఒంట్లో సత్తువ ఉండదు. ఆందోళన ఉన్నవాడు దిండు మీద తల పెట్టగానే రేపటి లెక్కలన్నీ మొదలవుతాయి. వీళ్ళందరూ నిద్ర కోసం అలమటించేవాళ్ళే. రెండు గంటలు పడుకుని లేచి, ఉత్సాహంగా బీరువా సర్దేవాడు వాళ్ళలో చేరడు. వైద్యులు మేనియా అనే ఉన్మాద దశలో ఇది బాగా తెలిసిన గుర్తు. దీనితోపాటు ఆగని మాట, ఒకదాని మీద ఒకటిగా పుట్టుకొచ్చే పథకాలు, చేతిలో లేని డబ్బు ఖర్చు, అడ్డు చెబితే కోపం – ఇవన్నీ కనీసం వారం రోజులు, దాదాపు రోజంతా ఉంటే మేనియాగా లెక్కిస్తారు. ఆసుపత్రిలో చేర్చవలసినంత తీవ్రంగా ఉంటే వారం కూడా చూడరు. మీరు పది రోజులంటున్నారు.

మేనియా అంటే ఎప్పుడూ ఆనందమే అనుకుంటారు. చాలామందిలో ఆనందం కన్నా చిరాకే ఎక్కువ కనిపిస్తుంది. నాన్నగారి మీద చెయ్యి లేచింది అందుకే కావచ్చు.

ఇక మీ చిన్నతాతగారి సంగతి. ఉత్తరంలో దాన్ని కథలా ఒక్క ముక్కలో చెప్పి వదిలేశారు. డాక్టరు దగ్గర మాత్రం అలా వదలకండి. ఈ జబ్బుకు వంశంలో పోలిక బలంగా ఉంటుంది. పొలం అమ్మిన ఏడు, గది దాటని ఏడు అంటే మన ఊళ్ళలో ‘ఆయన అదో రకం మనిషి’ అని ఊరుకుంటారు. ఆ రకం మనిషి గురించి డాక్టరు వినడం మీ తమ్ముడికి మేలు చేస్తుంది.

మీరు చదివిన మిగతా పేర్లు ఎందుకు సరిపోయినట్టు అనిపిస్తున్నాయంటే, లక్షణాల జాబితాలో కాలం కనిపించదు. ఏ లక్షణం ఎప్పుడు మొదలైంది, ఎన్నాళ్ళుంది, అంతకుముందు ఈ మనిషి ఎలాంటివాడు అన్నవి తీసేస్తే ఎవరికైనా ఏ జబ్బయినా అతుకుతుంది. కుంగుబాటు అనాలంటే కనీసం రెండు వారాలు, ఇంచుమించు ప్రతిరోజూ ఉండాలి. ఏడీహెచ్‌డీ (నిలకడ, ఏకాగ్రత కుదరని సమస్య) అయితే పన్నెండేళ్ళ లోపే దాని జాడలు కనిపించి ఉండాలి. మీ తమ్ముడు స్కూల్లో ఎలా ఉండేవాడో మీకే తెలుసు. ఇరవై నాలుగో ఏట, పది రోజుల కిందట అది కొత్తగా పుట్టదు.

ఓసీడీ అనుమానం మీకు ఆ బీరువా వల్ల వచ్చి ఉంటుంది. కానీ ఓసీడీ ఉన్న మనిషి తన ఆలోచనతోనే పోరాడుతుంటాడు. చెయ్యి మురికిగా లేదని తెలుసు, అయినా కడగకుండా ఉండలేడు. రోజులో గంటకు పైగా దానికే పోతుంది, సిగ్గుతో దాచుకుంటాడు కూడా. మీ వాడు సర్దిన బీరువాను అందరినీ లేపి చూపిస్తుంటే అది ఓసీడీ కాదు.

స్కిజోఫ్రేనియాను వేరు చేయడం ఇంత సులువు కాదు. ఎవరూ లేకుండానే గొంతులు వినిపించడం, పొరుగువాళ్ళు కుట్ర పన్నుతున్నారనో టీవీలో తన గురించే చెబుతున్నారనో కదలని నమ్మకం, మాటకూ మాటకూ పొంతన లేకపోవడం, క్రమంగా మనుషుల నుంచి తప్పుకోవడం దాని లక్షణాలు. చిక్కేమిటంటే మేనియా ముదిరినప్పుడూ గొంతులు వినిపించవచ్చు, తాను దేవుడు పంపిన మనిషినని నమ్మవచ్చు. తేడా ఎక్కడంటే, బైపోలార్‌లో ఇవి మనసు ఉప్పొంగినప్పుడో కుంగినప్పుడో వచ్చి, అది సద్దుమణిగాక పోతాయి. స్కిజోఫ్రేనియాలో మనసు మామూలుగా ఉన్న రోజుల్లోనూ ఉంటాయి. ఇలాంటివి మీ తమ్ముడు ఏమైనా అంటున్నాడేమో వినండి. వాదించకండి, గుర్తుపెట్టుకోండి చాలు.

బాబాయిగారి మాటను కొట్టిపారేయకండి. గంజాయి ఇలాంటి స్థితిని తెప్పించగలదు, ఉన్నదాన్ని ఎక్కువా చేయగలదు. తమ్ముణ్ణి నిలదీస్తే నిజం రాదు. మూత్ర పరీక్షలో తెలుస్తుంది. థైరాయిడ్ ఎక్కువైనా నిద్ర తగ్గి, చిరాకు పెరిగి, గుండె దడ వస్తుంది కనుక ఆ రక్త పరీక్ష కూడా చేయిస్తారు.

దడ అంటే మీ అమ్మగారు గుర్తొచ్చారు. ఆమెను ముందు మామూలు డాక్టరుకు చూపించి ఈసీజీ, రక్తహీనత, థైరాయిడ్, షుగరు చూడమనండి. అన్నీ బాగున్నాయంటే అప్పుడు మనసు వైపు చూద్దాం. ఉన్నట్టుండి దడ, చెమట, ప్రాణం పోతుందన్న భయం నిమిషాల్లో తారస్థాయికి చేరి తగ్గిపోతుంటే ప్యానిక్ అంటారు. ఇంటి దగ్గర నుంచి ఇరుగుపొరుగు దాకా ప్రతిదాని గురించీ ఆరు నెలలకు పైగా తెగని బెంగ అయితే అది ఆందోళన వ్యాధి. కొడుకు రాత్రంతా మేలుకుని, భర్త మీద చెయ్యెత్తిన ఇంట్లో పది రోజులుగా దడ వస్తోందంటే మాత్రం దానికి జబ్బు పేరు వెతకనక్కర లేదు. ఆమెను నాలుగు రోజులు మీ ఇంటికి తీసుకెళ్ళి కంటినిండా నిద్రపోనివ్వండి.

ఇంట్లో ఇప్పుడు చేయవలసినవి. పచ్చళ్ళ పథకం మంచిదా చెడ్డదా అని తమ్ముడితో చర్చ పెట్టుకోకండి, గెలవలేరు. ‘నిద్ర లేక చిక్కిపోతున్నావు, నిద్రకు మందు రాయించుకుందాం’ అనండి. అది అబద్ధమూ కాదు. బండి తాళాలు, ఏటీఎం కార్డు, ఇంటి కాగితాలు నాన్నగారి దగ్గర ఉండాలి. జాడీలు అమ్మిన కొట్టువాడితో మీరే మాట్లాడి చూడండి, వాడనివి వెనక్కి తీసుకోవచ్చు. అన్నంలో కలిపి మాత్రలు పెట్టడం చాలా ఇళ్ళలో చేస్తారు; ఎప్పుడో ఒకనాడు బయటపడుతుంది, ఆ తరువాత ఇంట్లో అన్నాన్నే అనుమానిస్తాడు. అమ్మ తాయెత్తు కట్టిస్తానంటే కట్టించనివ్వండి. కట్టినవాడు మందులు ఆపమంటే మాత్రం ఆ గడప మళ్ళీ తొక్కవద్దు.

మీకు దగ్గరలో గుంటూరు ప్రభుత్వ ఆసుపత్రిలో మానసిక వైద్య విభాగం ఉంది. రానని మొండికేస్తే ప్రభుత్వ మానసిక ఆరోగ్య ఫోను సేవ టెలి మానస్ నంబరు 14416కు ఫోను చేయండి. అది ఉచితం, ఏ వేళకైనా ఉంటుంది, తెలుగులో మాట్లాడతారు. వాడు మాట్లాడకపోయినా మీరు మాట్లాడవచ్చు. తనకో, మరొకరికో హాని చేసేలా ఉంటే, అతను ఒప్పుకోకపోయినా కుటుంబం కోరిక మీద నిపుణులు పరీక్షించి ఆసుపత్రిలో చేర్చుకునే వీలు 2017 మానసిక ఆరోగ్య చట్టంలో ఉంది. గదిలో పెట్టి గొళ్ళెం వేయడం, కట్టేయడం పరిష్కారాలు కావు. చావు మాట ఎత్తితే ‘అలా అనకు’ అని నోరు మూయించకుండా పూర్తిగా అడగండి, ఒంటరిగా వదలకండి, వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్ళండి. ఉద్రేకం దిగిన తరువాత వచ్చే కుంగుబాటులో ఈ ప్రమాదం ఎక్కువ. ఇప్పుడు చేస్తున్న అప్పులు అప్పుడు కళ్ళ ముందుకు వస్తాయి.

పెళ్ళి మందు కాదు. నిద్రలు చెడేది, ఖర్చులు పెరిగేది, ఊరంతా చూసేది పెళ్ళిలోనే. కుదుటపడి, మందులు క్రమంగా వాడుతూ, ఉద్యోగంలో నిలదొక్కుకున్నాక చేసుకోవచ్చు, చాలామంది చేసుకున్నారు కూడా. అవతలివాళ్ళకు చెప్పి చేయండి. దాచి చేస్తే మాత్రలు కూడా దాచుకుని మింగాలి, మానేయడానికి అదొక్కటి చాలు.

బైపోలార్ అని తేలితే లిథియం వంటి మందులు ఇవ్వవచ్చు. 1949లో జాన్ కేడ్ అనే ఆస్ట్రేలియా వైద్యుడు మేనియాలో దాని ప్రభావాన్ని రాశాడు; ఇప్పటికీ ఈ జబ్బుకు ముఖ్యమైన మందుల్లో అది ఒకటి. రక్తంలో దాని మోతాదు ఎప్పటికప్పుడు చూడాలి. తెనాలి ఎండల్లో ఒంట్లో నీరు తగ్గినా, అడక్కుండా నొప్పుల మాత్రలు వేసుకున్నా అది రక్తంలో పెరిగిపోతుంది. బాగున్నప్పుడు మానేయడమే అన్నిటికన్నా పెద్ద చిక్కు. నిరుడు జరిగింది అదే.

డాక్టరు దగ్గరికి మీరు కూడా వెళ్ళండి. వెళ్ళేముందు ఒక కాగితం మీద ఉద్యోగం ఎప్పుడు పోయింది, మంచం పట్టింది ఎప్పుడు, మాత్రల పేర్లు, ఎప్పుడు ఆపాడు, నిద్ర ఏ రోజు నుంచి తగ్గింది అన్నవి తేదీలతో రాసుకోండి. అమ్మగారిని ఒక్కరినే పంపితే ‘ఇప్పుడు బాగానే తిరుగుతున్నాడండీ’ అని చెప్పి వచ్చేస్తారు.