కొండచిలువ కరుస్తుందా అని అడిగిన అబ్బాయికి

తిరుపతి

చిరంజీవి అబ్బాయికి పెద్దమ్మ ఆశీస్సులు.

నువ్వు పంపిన ఫొటో చూశాను. హ్యూస్టన్‌లో సోఫా మీద కూర్చుని, మెడలో కొండచిలువను కండువాలా వేసుకుని నవ్వుతున్నావు. పక్కన పాప. ఆ ఫొటో మీ అమ్మకు పంపకుండా నాకు పంపావు, బతికించావు. చూసి ఉంటే ఈపాటికి చిత్తూరు చుట్టుపక్కల ఉన్న సుబ్రహ్మణ్యస్వామి గుళ్లన్నిటికీ మొక్కులు మొక్కేసి ఉండేది. దానికి లడ్డు అని పేరు పెట్టారట. తిరుపతిలో పుట్టినవాడికి ఇంకో పేరు దొరకలేదా?

“చేత్తో పట్టుకుంటే కరుస్తుందా పెద్దమ్మా? అమ్మినవాడు కరవదని చెప్పాడు” అని అడిగావు.

కరుస్తుంది. అమ్మేవాడు ఏ జంతువునైనా కరవదనే చెబుతాడు. ముప్పై ఏళ్లకు పైగా పశువైద్యం చేశాను. నన్ను కరవనిది కోడిపుంజు ఒక్కటే, అదీ పొడిచింది.

కాకపోతే కొండచిలువల్లో నీకు దొరికింది మెత్తనిది. బాల్ పైథాన్ పశ్చిమ, మధ్య ఆఫ్రికా దేశాల పాము. పూర్తిగా పెరిగినా మూడు నుంచి ఐదు అడుగులు. విషం లేదు. భయం వేస్తే చాలాసార్లు తలను మధ్యలో దాచుకుని ఉండలా చుట్టుకుపోతుంది, ఆ పేరు అందుకే వచ్చింది. మీ లడ్డు కూడా అందుకే లడ్డు అయిందని అర్థమైందిలే. మన శేషాచలం అడవుల్లో తిరిగేది దీనికి దాయాది, అది పది అడుగులు దాటి పెరుగుతుంది. దాని సంగతి వేరు, నా చేతి మీద ఇప్పటికీ గుర్తుంది.

ఆ కథ చెబితే సగం సలహా చెప్పినట్టే. ఉద్యోగంలో చేరిన కొత్త. చిత్తూరు దగ్గర చెరుకు కొట్టేటప్పుడు కత్తి తగిలి ఒక కొండచిలువ చీరుకుపోయింది. కుట్లు వేశాను. గాయం మానేదాకా పెట్టెలో ఉంచారు. రెండు వారాలుగా అది ఏమీ తినలేదు. కుట్లు చూద్దామని వెళ్లిన రోజు ఉదయమంతా నేను ఒక కోళ్లఫారంలో చచ్చిన కోళ్లను కోసి పరీక్షించాను. చేతులు కడుక్కున్నాననే అనుకున్నాను. నిజానికి తొట్టి నీళ్లలో ముంచి కొంగుతో తుడుచుకున్నాను. పెట్టె మూత తీసి చెయ్యి లోపలికి పెట్టానో లేదో, మోచేతి కింద పట్టుకుంది. పట్టుకుని వదలలేదు, చేతికి రెండు చుట్లు వేసింది.

కాంపౌండరు పామును పట్టి లాగబోయాడు. “ఆగు, లాగకు!” అని అరిచాను. కొండచిలువ పళ్లు గొంతువైపు వంగి ఉంటాయి, గాలం ముల్లులాగా. వెనక్కి లాగితే నా చెయ్యి చీరుకుపోతుంది, దాని పళ్లూ విరుగుతాయి. తోక కొసనుంచి మొదలుపెట్టి చుట్లు విప్పించాను. కడవెడు చల్లటి నీళ్లు దాని మూతి మీద పోయించాను. కాసేపటికి వదిలింది. పదిహేను రోజుల తరువాత ఆ మచ్చలోనుంచి సన్నటి పన్ను ముక్క ఒకటి బయటికి వచ్చింది. పాము చేసిన తప్పేమీ లేదు. దాని పెదవుల దగ్గర వేడిని పసిగట్టే చిన్న చిన్న గుంటలు ఉంటాయి. కోడి వాసన వేస్తున్న వెచ్చటి వస్తువు ఎదురుగా వస్తే అది మేతే. ఎంబీబీఎస్ కన్నా కష్టపడి చదివిన డాక్టరమ్మ అని దానికి తెలియదు.

నన్ను కరిచినది ఆకలి కాటు. ఇంకొకటి భయం కాటు, దానిలో పట్టు ఉండదు. తటాలున కొట్టి వదిలేస్తుంది. మీ లడ్డు అంతటిది భయపడి కొడితే రేగుముళ్లు గీరుకున్నట్టు చుక్కలు చుక్కలుగా రక్తం వస్తుంది, అంతే. సబ్బునీళ్లతో కడిగి మందు రాసుకో, ధనుర్వాతం సూది వేయించుకుని చాలా ఏళ్లయి ఉంటే వేయించుకో. మళ్లీ చెబుతున్నాను, పట్టుకుని వదలకపోతే లాగవద్దు. చల్లటి నీళ్లు, లేదా చేతులకు రాసుకునే శానిటైజరు ఒక్క చుక్క దాని నోటి పక్కన. 

మీ ఇంట్లో నాకు భయమల్లా ఆకలి కాటు గురించే. పాప హామ్‌స్టర్‌ను, అదే ఎలుకలాంటి ఆ చిన్న జంతువును, పెంచుతోందని పోయినసారి ఫోనులో చెప్పింది గుర్తుందా? హామ్‌స్టర్‌ను ముద్దుచేసి అదే చేతులతో పామును ఎత్తుకుంటే ఏమవుతుందో నా కథలో చదివావు. ముందు సబ్బుతో చేతులు, తరువాత పాము. పామును దించాక మళ్లీ సబ్బు, ఎందుకంటే ఆరోగ్యంగా కనిపించే పాము ఒంటి మీద కూడా సాల్మొనెల్లా అనే సూక్ష్మజీవి ఉండవచ్చు. నీ మూడేళ్లవాడికి మాత్రం అసలు ఇవ్వవద్దు. ఐదేళ్లలోపు పిల్లలకు ఆ జబ్బు గట్టిగా తగులుతుంది, పైగా వాడి చేతులు ఎప్పుడూ నోట్లోనే ఉంటాయి.

మేత వేళ్లతో అందించకు. గడ్డకట్టిన ఎలుకను కరిగించి, వెచ్చబెట్టి, పొడవాటి పటకారతో పెట్టు. పెట్టె తెరిచిన ప్రతిసారీ ఎలుకే వస్తే, తెరిచిన ప్రతిసారీ ఎలుక వచ్చిందనే అనుకుంటుంది. అందుకని ఎత్తుకునే రోజుల్లో ముందు కొక్కెం కర్రతో ఒంటి మీద మెల్లగా తాకు. ఆ తాకిడి అంటే మేత కాదని కొన్నాళ్లకు దానికి అలవాటవుతుంది. తిన్న తరువాత రెండు రోజులు ముట్టుకోకు, కక్కేస్తుంది. కక్కడం పాముకు చిన్న విషయం కాదు.

చెయ్యి పైనుంచి తలమీదికి తీసుకురావద్దు. అడవిలో పైనుంచి వచ్చేది గద్ద. పక్కనుంచి వెళ్లి నడుము కింద చెయ్యి పెట్టి, ఒంటి బరువంతా నీ చేతుల మీద ఆనేటట్టు ఎత్తు. బిగించి పట్టుకోకు, నువ్వు కొమ్మవు అనుకో. మెడ వెనక్కి మడిచి ఎస్ అక్షరంలా పెట్టి కదలకుండా నిన్నే చూస్తూ ఉంటే ఆ రోజుకు పెట్టె మూసేయి. బుస కొట్టినా అంతే. నాలుక మెల్లగా ఆడిస్తూ పాకుతుంటే బాగానే ఉంది. కుబుసం విడిచే ముందు కళ్లకు పాలపొర కమ్మినట్టు నీలంగా మారతాయి. అప్పుడు దానికి సరిగా కనిపించదు, ఏది తగిలినా ఉలిక్కిపడుతుంది. ఆ వారం దాని మానాన దాన్ని వదిలేయి. కొత్తగా తెచ్చావు కదా, ఇప్పుడు కూడా వారం రోజులు నీళ్లు మార్చడం తప్ప ఇంకేమీ చేయకు. ఫొటోలు అప్పుడే మొదలుపెట్టేశావు!

ఆ మెడ సంగతి. మెడలో వేసుకోవద్దు. ఈ పాము నిన్ను పిసికి చంపేయదు, కానీ దాని నోటికి నీ కంటికి మధ్య జానెడు దూరం కూడా లేదు ఆ ఫొటోలో. పాప నిన్ను చూసే నేర్చుకుంటుంది.

జూన్‌లో మామిడికాయల వేళకు చిత్తూరు తోటకు వస్తామన్నావు. అక్కడ పాము నాలుగడుగుల దూరంలో కనిపిస్తే ఇన్నాళ్లూ నీ కూతురు అరిచి పరిగెత్తేది. ఇక పరిగెత్తదు, వంగి ఎత్తుకుంటుంది. మన తోటల్లో రక్తపింజర ఉంది. తెలియనివాళ్లు దాన్ని చూసి కొండచిలువ పిల్ల అనుకుంటారు. రెండింటికీ గోధుమరంగు మీద పెద్ద పెద్ద మచ్చలే. రక్తపింజర మచ్చలు గుండ్రంగా, గొలుసు కట్టినట్టు మూడు వరుసల్లో ఉంటాయి, ఒళ్లు గరుకు. కొండచిలువ మచ్చలకు ఒక ఆకారం ఉండదు, ఒళ్లు నునుపు. ఇది నీకు తెలియడానికి రాశాను, పాపకు మాత్రం ఈ తేడాలేవీ నేర్పకు. ఎనిమిదేళ్ల పిల్ల వరుసలు లెక్కపెట్టేలోపు అయిపోతుంది. రక్తపింజర విషంతో రక్తం గడ్డకట్టదు, మూత్రపిండాలు దెబ్బతింటాయి. ఇక్కడ ఏ పాము కరిచినా కట్టు బిగించడం, కోయడం లేకుండా నేరుగా విషానికి విరుగుడు సూది ఉన్న పెద్దాసుపత్రికే. ఒకవేళ కనిపించింది నిజంగా కొండచిలువే అయినా తాకే పని లేదు. 1972 నాటి వన్యప్రాణి చట్టంలో అది మొదటి షెడ్యూలులో, అంటే గట్టి రక్షణ ఉన్న జంతువుల జాబితాలో ఉంది, ఇంట్లో పెట్టుకుంటే నేరం. “హ్యూస్టన్‌లో లడ్డును ఎత్తుకోవచ్చు, చిత్తూరులో దేన్నీ ఎత్తుకోకూడదు” అని పాపతో ఇప్పటినుంచే రోజూ చెప్పించు. చీకటిపడ్డాక తోటలో బూట్లు, టార్చిలైటు లేకుండా అడుగు వేయనివ్వను.

మీ అమ్మ సెప్టెంబరులో అక్కడికి వస్తోందట. విమానం ఎక్కకముందే విషయం చెప్పు, అక్కడికి వచ్చి చూసి కళ్లు తిరిగి పడితే నన్ను అనవద్దు. నాగుల చవితిదాకా ఉంటే పెట్టె ముందు గిన్నెతో పాలు పెట్టకుండా ఉండదు. పాము పాలు తాగదు, తాగినా అరగదు. ఆమెతో వాదించకు. దండం పెట్టుకోనిచ్చి, ఆ పాలతోనే ఆమెకు మంచి కాఫీ కలిపి ఇవ్వు.

మీ పెద్దమ్మ