అమలాపురంలో ఇల్లు చూసుకుంటున్న చిట్టికి

చిరంజీవి సౌభాగ్యవతి చిట్టికి పెదనాన్న ఆశీస్సులు.

మీరు బెంగళూరు ఇల్లు ఖాళీ చేసి, అమలాపురంలో కాపురం పెట్టి, ఇక్కడి నుంచే ఉద్యోగం చేసుకోబోతున్నారని మీ అమ్మ చెప్పినప్పటి నుంచి నాకు కాలు నిలవడం లేదు. మన పిల్ల సొంత ఊరికి వస్తోందని వీధి వీధంతా చెప్పుకున్నాను. ఇంటికి రాగానే భయం పట్టుకుని ఈ ఉత్తరం మొదలుపెట్టాను.

ఊరు మారడానికి కంపెనీ అనుమతిని కాగితం మీద తీసుకో. అక్కడి యజమానికి గడువు ప్రకారం ముందుగా చెప్పు. గ్యాసు, ఆధార్ చిరునామా, బాబు టీసీ సంగతులు నీకు నేను చెప్పనక్కరలేదు.

నువ్వు పంపిన ఫొటోలో మేడ ఉంది, కాలువ ఉంది, కొబ్బరిచెట్ల నీడ ఉంది. ఇంట్లోకి తీగ ఎటు నుంచి వస్తుందో మాత్రం లేదు. మీ నాన్న 1996 వేసవిలో ఎస్టీడీ బూత్ కోసం సరిగ్గా ఇలాంటి ఇల్లే చూశాడు. టెలిఫోన్ లైన్ల పనిలో ఉన్న సొంత అన్నను ఒక్క మాటైనా అడగకుండా, అద్దె తక్కువ, ముందు గది వీధి వైపు ఉంది, చెట్ల కింద చల్లగా ఉంది అని మురిసిపోయి, అడ్వాన్సు ఇచ్చేసి, చంటిపిల్లవైన నిన్ను ఎత్తుకుని సామానుతో దిగిపోయాడు. లైను సందు పొడవునా ఆ చెట్ల పక్కనుంచే వచ్చేది. నవంబరు 6 రాత్రి తుఫాను కాకినాడకు దక్షిణాన తీరం దాటింది. తెల్లవారేసరికి కోనసీమలో నిలబడి ఉన్న కొబ్బరిచెట్టును వెతుక్కోవలసి వచ్చింది. మేము ప్రధాన లైన్లు ఎత్తుకుంటూ ఆ సందు దాకా వచ్చేసరికి వారాలు గడిచాయి. అన్నాళ్ళూ మీ నాన్న బయట బల్ల మీద కూర్చుని, వచ్చినవాళ్ళకల్లా లైను లేదని చెప్పేవాడు. మీ అమ్మ నిన్ను ఆ బూత్ అద్దాల గదిలోనే పడుకోబెట్టేది. ఆ నెల అద్దె ఆమె గాజులు కట్టాయి. ఈ సంగతి వాళ్ళు నీకు చెప్పి ఉండరు.

ఇప్పుడు నీ జీతమూ తీగ మీదే వస్తుంది. ప్రభుత్వం ఇచ్చే ఇంటర్నెట్, ఏపీ ఫైబర్‌నెట్ తీగ కరెంటు స్తంభాల మీదుగానే నడుస్తుంది కనుక, స్తంభం పడితే కరెంటూ నెట్టూ ఒకేసారి పోతాయి. రెండో కనెక్షన్ వేరే కంపెనీదైతే చాలదు, వేరే దారిలో రావాలి. మొబైల్ ఉందిలే అనుకోకు. 2022 మే నెలలో అల్లర్ల తర్వాత ఇక్కడ మొబైల్ ఇంటర్నెట్‌ను రోజుల తరబడి ఆపేశారు. ఇన్వర్టరుకు 150 ఏహెచ్ బ్యాటరీ ఉంటే ల్యాప్‌టాప్, ఫ్యాను, రూటరు ఒక పూట పనికి సరిపోతాయి, కానీ రూటరు ప్లగ్గును ఇన్వర్టరు లైనులో కలిపారో లేదో చూసుకోవాలి. చాలా ఇళ్ళలో కలపరు.

కాబట్టి అక్టోబరు వానల్లో ఒక వారం మా ఇంట్లో దిగి, యజమానిని ఒప్పించి ఆ మేడ మీద కూర్చుని నిజంగా పని చేసి చూడు. నీ మీటింగులు రాత్రిళ్ళు కనుక రాత్రిపూట కూడా చూడు, మీ పెద్దమ్మ తోడు కూర్చుంటుంది. కాపురం పెట్టాక తుఫాను హెచ్చరిక వస్తే మాత్రం మీటింగు ఉందని కూర్చోకుండా, ముందురోజే బాబుతో రాజమహేంద్రవరంలో మీ అత్త ఇంటికి చేరాలి. ఈ ఒక్క విషయంలో నీ వాదన వినను.

ఆదివారం నేనే ఆ సందుకు వెళ్ళి స్తంభాలు చూసి ఫోన్ చేస్తాను. అంతవరకు అడ్వాన్సు పంపవద్దు.

మీ పెదనాన్న