జాబితాలో పాలు ఉన్నాయి, తెర మీద లేవు

ప్రశ్న: మాది అనంతపురం. బెంగళూరు మారతహళ్లిలో పీజీలో ఉంటూ మాన్యువల్ టెస్టింగ్ చేస్తున్నాను. డెవలప్‌మెంట్‌కి మారదామని నెల రోజులుగా రాత్రిళ్లు రియాక్ట్ (వెబ్ పేజీలు కట్టే జావాస్క్రిప్ట్ లైబ్రరీ) నేర్చుకుంటున్నాను. పాత వీడియో చూసి, కొత్త ప్రాజెక్టును సిద్ధం చేసిపెట్టే క్రియేట్ రియాక్ట్ యాప్‌తో మొదలుపెడితే వార్నింగులే వార్నింగులు. ఎలాగో నడిపించి, మా రూమ్‌లో నలుగురి ఖర్చులు రాసుకునే పేజీ చేశాను. 'పాలు 56' అని కొట్టి బటన్ నొక్కితే బ్రౌజర్ కన్సోల్‌లో (ప్రోగ్రామర్లు లోపలి డేటా చూసుకునే చోట) ఉంటుంది, తెర మీదకు రాదు. తర్వాతి ఖర్చు టైప్ చేయడం మొదలుపెట్టగానే మాత్రం పాలు ప్రత్యక్షం! నాకిది అబ్బదేమోనని టెన్షన్‌గా ఉందండీ. మానేయనా?
– ఓ పాఠకురాలు, బెంగళూరు

జవాబు: మానకండి. మామూలుగా అందరూ 'పని చేయట్లేదు' అని రాస్తారు, మీరు పాలు ఎప్పుడు కనబడ్డాయో కూడా పట్టుకున్నారు. అసలు సంగతంతా అక్కడే ఉంది.

మామూలు జావాస్క్రిప్ట్‌లో పేజీలో ఏ ముక్క మారాలో వెతికి మనమే మారుస్తాం. రియాక్ట్‌లో తెర జోలికి మనం వెళ్లం. డేటా ఇలా ఉంటే తెర ఇలా ఉండాలని ఒకసారి రాసిపెట్టి, డేటా మారినప్పుడు ఆ మాట దానికి చెబుతాం, అంతే. మీరు బహుశా 'పుష్'తో పాత జాబితాలోనే పాలు చేర్చి, అదే జాబితాను సెట్ ఫంక్షన్‌కి, అంటే డేటా మారిందని రియాక్ట్‌కి చెప్పేదానికి, ఇచ్చారు. రియాక్ట్ దాన్ని విప్పి చూడదు, ఇది పాతదేనా, వేరేదా అన్నదే చూస్తుంది, పాతదే కాబట్టి కదల్లేదు. ఆ తర్వాత మీరు ఒక్క అక్షరం కొట్టేసరికి టైప్ చేసే పెట్టె స్టేట్ (రియాక్ట్ గుర్తుపెట్టుకునే డేటా) మారింది, కాంపొనెంట్ (పేజీని గీసే మీ ఫంక్షన్) మళ్లీ నడిచింది, అప్పటికే లోపలున్న పాలు దాంతోపాటు బయటపడ్డాయి. చతురస్ర బ్రాకెట్లలో మూడు చుక్కలు పెట్టి పాత జాబితా, కామా, కొత్త ఖర్చు రాసి, ఆ కొత్త జాబితాను సెట్ ఫంక్షన్‌కి ఇవ్వండి. వెంటనే కనబడుతుంది.

వార్నింగుల్లో మీ తప్పేం లేదు. కొత్త ప్రాజెక్టులకు క్రియేట్ రియాక్ట్ యాప్ వాడొద్దని 2025 ఫిబ్రవరిలో రియాక్ట్ బృందమే చెప్పేసింది. అదే పని చేసే వీట్‌తో మొదలుపెట్టండి, కంప్యూటర్‌లో నోడ్ (బ్రౌజర్ బయట జావాస్క్రిప్ట్ నడిపేది) ఉంటే ఒక్క కమాండ్ చాలు. వీడియోలో కాంపొనెంట్‌ను 'క్లాస్' అని రాయడం, 'దిస్ డాట్ సెట్‌స్టేట్' కనిపిస్తే ఆపేయండి, అది 2019లో హుక్స్ (మామూలు ఫంక్షన్లలోనే స్టేట్ వాడనిచ్చేవి) రాకముందు పద్ధతి. దానికన్నా రియాక్ట్ డాట్ డెవ్‌లో ఇంటూ-సున్నా ఆట కట్టే పాఠం ఉంది, అది చేయండి, జాబితాను కాపీ చేసి మార్చడం ఎందుకో అందులోనే అర్థమవుతుంది. రియాక్ట్‌తో కలిపి వాడే రీడక్స్, నెక్స్ట్ జేఎస్ లాంటివి ఇప్పుడు వద్దు, ట్రైనింగ్ సెంటర్ల బోర్డుల మీద ఎంత పెద్దగా రాసి ఉన్నా సరే. 'మ్యాప్' (జాబితాలో ప్రతిదాన్నీ మార్చి కొత్త జాబితా ఇచ్చేది), 'ఫిల్టర్' (కావలసినవే ఉంచి కొత్త జాబితా ఇచ్చేది) చేతికి అలవాటయ్యేదాకా మామూలు జావాస్క్రిప్ట్‌నే ఇంకో వారం గట్టిగా చేయండి.

తర్వాత మీ పేజీకే డిలీట్ బటన్ పెట్టండి, 'ఫిల్టర్'తో. ప్రతి ఖర్చుకీ ఒక ఐడీ ఇచ్చి దాన్నే 'కీ'గా (రియాక్ట్ ఒక్కో వరుసను గుర్తుపట్టే గుర్తుగా) వాడండి, వరుస నంబరు వద్దు, మధ్యలో ఒకటి తీసేస్తే ఏది ఏ ఖర్చో రియాక్ట్ పొరబడవచ్చు. నెల మొత్తాన్ని మాత్రం వేరే స్టేట్‌లో దాచకండి, జాబితా నుంచే ప్రతిసారీ కూడండి.