ముందు ఆ చేను చూపించు

చిరంజీవి అమ్మాయికి ఆశీస్సులు.

ఒక్కోటీ గాల్లోనే విచ్చుకుని చిన్న బాంబుల్ని వెదజల్లే క్లస్టర్ బాంబుల్ని నిషేధించిన ఒప్పందం మీద నువ్వు పంపిన వ్యాసం చదివాను. కష్టపడ్డావని తెలుస్తోంది. కానీ మొదటి రెండు పేజీలూ 2008లో డబ్లిన్‌లో ఏం తేల్చారు, ఓస్లోలో ఎవరు సంతకాలు పెట్టారు అన్నదానితోనే నిండిపోయాయి. బాంబు పడ్డ చేను మూడో పేజీకి గానీ రాలేదు. దాన్ని ముందుకు తీసుకురా.

లావోస్‌తో మొదలుపెట్టు. వియత్నాం యుద్ధ కాలంలో, 1964 నుంచి 1973 దాకా, అమెరికా ఆ చిన్న దేశం మీద 20 లక్షల టన్నులకు పైగా బాంబులు కురిపించింది. క్లస్టర్ బాంబుల్లోంచి చెదిరిపడ్డ చిన్న బాంబులే దాదాపు 27 కోట్లు. వాటిలో 30 శాతం దాకా పేలకుండా నేలలో ఉండిపోయాయని అంచనా. చాలావరకు టెన్నిస్ బంతంత ఉంటాయి. అక్కడివాళ్లు 'బాంబీ' అంటారు. మట్టి తవ్వుతుంటే పారకు తగులుతాయి. పిల్లలు ఆడుకోవడానికి చేతిలోకి తీసుకుంటారు. నేల మీద పొయ్యి వెలిగిస్తే, ఆ వేడికి కింద ఉన్నది పేలుతుంది. ఎప్పుడో ముగిసిన యుద్ధం, ఇవాళ అన్నం వండుకుంటున్న మనిషిని చంపుతోందమ్మా! ఈ పొయ్యి సంగతి రాశాక, నేలను శుభ్రం చేయడానికి ఒప్పందంలో పదేళ్ల గడువు ఎందుకు పెట్టారో నువ్వు విడమరిచి చెప్పక్కర్లేదు.

బాధితుల గురించి రాసేటప్పుడు జాలి మాటలు తీసెయ్. సెర్బియాలో బాంబులు నిర్వీర్యం చేసే ఉద్యోగి బ్రానిస్లావ్ కపెటనోవిచ్ 2000లో క్లస్టర్ బాంబు పేలి రెండు చేతులూ, రెండు కాళ్లూ పోగొట్టుకున్నాడు. తర్వాత ఆ బాంబుల్ని నిషేధించాలని వీల్‌చైర్‌లో దేశదేశాలూ తిరిగి, దౌత్యవేత్తల ముందే మాట్లాడాడు. గాయపడ్డవాళ్లనే కాదు, వాళ్ల కుటుంబాలనూ ఊళ్లనూ బాధితుల కిందే లెక్కగట్టింది ఈ ఒప్పందం. అలాంటివాళ్ల పోరాటం ఎంత పనిచేసిందో రాయి.

మందుపాతరలపై 1997 నాటి ఒట్టావా ఒప్పందం వేరు, ఇది వేరు. రెండూ ఒక పేరాలో కలిసిపోయాయి, విడదీయి.

ఇక నువ్వు దాటేసిన భాగం. 110కి పైగా దేశాలు ఈ ఒప్పందంలో ఉన్నా అమెరికా, రష్యా, చైనా లేవు. మన దేశమూ లేదు. తెలుగు పాఠకుడు మొదట అడిగేది అదే, కాబట్టి దాచకు. ఉక్రెయిన్‌లో రష్యా ఈ బాంబుల్ని వాడింది. 2023లో అమెరికా ఉక్రెయిన్‌కు ఇవే పంపింది. 2025 మార్చిలో, రష్యాతో సరిహద్దు ఉన్న లిథువేనియా ఒప్పందం నుంచి తప్పుకుంది. అలా తప్పుకున్న మొదటి దేశం అదే. రష్యా అంటే వాళ్లకున్న భయం ఉత్తుత్తిది కాదు, ఆ మాటా రాయి. రాసి, వాళ్ల గడ్డ మీద యుద్ధం జరిగితే పేలకుండా మిగిలేవి ఎవరి చేలల్లో ఉంటాయని గట్టిగా అడుగు.

గాయాల ఫొటోలు వద్దు. లావోస్ పల్లెల్లో బాంబుల పైతొడుగుల్నే ఇళ్లకు స్తంభాలుగా నిలబెట్టుకున్నారు, ఆ ఫొటో ఒకటి వెతుకు. సమావేశాల తేదీలన్నీ అర పేజీలో సరిపెట్టి, తిరగరాసింది నాకు పంపు.

శుభాశీస్సులతో.